సగం ఆకు

కులపెద్ద దశరథం మోదుగాకును నిలువునా రెండుగా చింపాడు.

"అయిపోయింది నవనీతా. గిట్ల ఆకును విడగొట్టుట్లకెల్లే విడాకులన్న మాట పుట్టింది. ఇగ నీ మీద ఎవలకూ హక్కు లేదు."

ఆరేళ్లు మొగుడి చేతిలో దెబ్బలు తిన్న నవనీత ఆ మాటకు కళ్లు తుడుచుకుంది. ఒక సగం మొగుడు మల్లేశ్వర్ తీసుకున్నాడు. రెండో సగానికి ఆమె చెయ్యి చాపింది.

"నీకు కాదు బిడ్డా," అన్నాడు దశరథం. "ఆడిపిల్ల సగం తండ్రికియ్యాలె. మన రివాజు."

తండ్రి హన్మయ్య దాన్ని అంగీ జేబులో పెట్టుకుని, అదే జేబులోంచి ఫోను తీశాడు.

"దోమ ఊరి పెండ్లి సంబంధపోళ్లను ఐతారం రమ్మంటున్న."

"నన్ను అడగవా నాయినా?"

"నిన్నెందుకు అడుగుడు? ఆకు నా తాన ఉన్నది."