రైట్ చెప్పని కండక్టర్

"ఇంకేం చూస్తున్నవ్? రైట్ చెప్పు!"

ముందు సీట్లోంచి లేచిన ఆఫీసర్ అరుపుకు బస్సంతా అటు తిరిగింది. కండక్టర్ రూప్లి మాత్రం ఎదురుగా వాగునే చూస్తోంది. వాగు దాటించే చప్టా మీద నుంచి ఎర్రనీళ్లు పొర్లిపోతున్నాయి. అంచున ఉండాల్సిన తెల్లరాళ్లు ఒక్కటీ కనబడటం లేదు.

"బస్సు పోదు సార్."

"పదింటికి నేను భద్రాచలంలో ఉండాలె. కారు చెడిపోయి మీ బస్సెక్కినందుకు ఇదా? డ్రైవర్, నువ్వు పోనియ్!"

డ్రైవర్ గంగయ్య నసిగాడు. "మోకాలిలోతే ఉంటది బిడ్డా. ఇరవయ్యేండ్ల సంది దాటిస్తున్న. పెద్దసారు చెప్తున్నడు గదా."

రూప్లి ఉద్యోగంలో చేరి నాలుగు నెలలు. ఇంకా పర్మినెంట్ కాలేదు.

"సార్ చెప్తే నీళ్లు తగ్గుతయా కాకా?"

ఆఫీసర్ మొహం కందగడ్డయింది. ఫోన్ తీశాడు. అడవిలో సిగ్నల్ లేదు. పెన్ను తీశాడు.

"నీ పేరేంది? నంబరేంది? రేపు ఈ డ్యూటీ ఎట్ల చేస్తవో చూస్త."

"పేరు రూప్లి. నంబర్ బ్యాడ్జీ మీదుంది, రాసుకోండి." గొంతు పెంచలేదు, దించలేదు. "నలభై ఇద్దరు ఎక్కిండ్రు సార్. రాళ్లు కనబడేదాక నేను రైట్ చెప్ప."

"నాకే ఎదురు చెప్తవా?"

"ఎదురు కాదు సార్. నా పని."

వెనక నుంచి ఎవరో "పోనీయమ్మా, లేటయితుంది" అన్నారు. ఆఫీసర్ డ్రైవర్ భుజం తట్టాడు. గంగయ్య క్లచ్ వదిలాడు. బస్సు కదిలింది.

రూప్లి తలుపు తీసి దూకింది. వానలో ముందుకు ఉరికి, బస్సు అద్దం కింద రెండు చేతులూ ఆనించి నిలబడింది.

"నన్ను తొక్కిచ్చుకుంట పో కాకా!"

బ్రేకు కీచుమంది. ఇంజను ఆగిపోయింది. కిటికీలోంచి ఆఫీసర్ తిట్లు వినబడుతూనే ఉన్నాయి. ఆమె కదల్లేదు.

పది నిమిషాలు గడిచాయో లేదో, ఎగువ నుంచి ఓ పెద్ద మద్దిచెట్టు మొద్దు కొట్టుకొచ్చి చప్టాకు ధడేల్మని తగిలింది. చప్టా నడిమి భాగం విరిగి, వాళ్లు చూస్తుండగానే నీళ్లలోకి ఒరిగిపోయింది.

గంగయ్య తల స్టీరింగు మీదికి వాలిపోయింది. రూప్లిని ఎక్కించుకుని బండిని మెల్లగా వెనక్కు నడిపి మిట్ట మీద ఆపాడు.

అక్కడ సిగ్నల్ అందింది. ఆఫీసర్ ఫోన్ మోగింది. కంగారులో వేలు స్పీకర్ మీద తగిలిందేమో, అవతలి గొంతు బస్సంతా వినబడింది.

"సార్, ఎంతదూరంలున్నరు? పై ఆఫీసర్లకు భయపడకుండా 'కాదు' అని ఎట్ల చెప్పాల్నో మీరు నేర్పుతరని రెండొందల మంది స్టాఫ్ పొద్దటి సంది కూసున్నరు!"