అర్జీలో దిద్దుబాటు

గేటు దగ్గర గార్డు తోసిన తోపుకి నా పెదవి చిట్లింది. రక్తం తుడుచుకుంటూనే ఎంపీగారి ఆఫీసులోకి వెళ్ళాను. ఆయన లేరు. పీఏ కుర్చీ చూపించి మంచినీళ్ళు ఇచ్చాడు.

అర్జీ చేతికిచ్చాను. "ఆ కాపీరైటు బిల్లుకి సార్ ఓటెయ్యకూడదండీ. తీసినవాడు 'వీడియో నాది' అంటే చాలట, గంటలో ఇంటర్నెట్‌లో ఎక్కడా లేకుండా చేస్తారట. ఎవరి ఫోన్లోంచి బయటపడిందో గానీ, మా తమ్ముణ్ణి చంపినదానికి ఆ వీడియో ఒక్కటే సాక్ష్యం."

పీఏ శ్రద్ధగా చదివాడు. అంతా రాశాను అందులో. ఇనుప రాడ్డుతో కొట్టిన మొదటి దెబ్బకి తమ్ముడి మోకాలు విరిగింది. రెండోది పక్కటెముకల మీద పడింది. రోజూ ఇనుముతో పనిచేసే వెల్డర్ని, ఆ రాడ్డు బరువు నాకు తెలుసు. మూడో దెబ్బకి వాడు "అక్కా!" అని అరిచాడు. వీడియో అక్కడే ఆగిపోతుంది.

"తీసిందెవరో తెలుసా అమ్మా?"

"తెలీదండీ. ఎవరో గుండెధైర్యం ఉన్నవాడు, చాటునుంచి తీసుంటాడు. కనిపిస్తే కాళ్ళకి దండం పెడతా. ఆయన్ని బెదిరించి 'నాది, తీసెయ్యండి' అనిపిస్తారేమోనని నా భయం."

పీఏ తలూపి పెన్ను తీశాడు. "మూడు దెబ్బలు" అన్నచోట "మూడు" కొట్టేసి "నాలుగు" అని రాశాడు.

"నాలుగోది వీడియోలో లేదులే," అన్నాడు కాగితం తిరిగిస్తూ. "అది నా వంతు. రాడ్డుకి రెండు చేతులూ కావాలి కదమ్మా. ఫోను జేబులో పెట్టేశాను."