ఆరో ముక్క

ఆ రోజు కూడా ఆరో ముక్క ఆ మనిషే తినేశాడు.

కుర్రాడు ఇంకా ఐదో ముక్క మంట నుంచి తేరుకోలేదు. కళ్లు తుడుచుకునేలోపు పక్క బల్ల నుంచి ఓ చెయ్యి వచ్చింది. ప్లేటు ఖాళీ అయింది.

"ఏంది కాకా, గా ముక్క నాది!"

మాటైతే అన్నాడు గానీ, గండం గడిచినంత సంతోషం కుర్రాడి మొహంలో.

"ఆకలైంది బిడ్డా. ఏమనుకోకు," అన్నాడాయన. కళ్లూ ముక్కూ ఒక్కటిగా కారుతున్నాయి.

కౌంటర్ వెనక నుంచి చూస్తున్న రూబీకి ఒళ్లు మండింది.

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ పక్క సందులో ఉన్న ఆ చికెన్ దుకాణానికి రూబీ మేనేజర్. అక్కడ వేయించిన కోడి కారాన్ని బట్టి ఆరు మెట్లలో దొరుకుతుంది. మొదటిది చంటిపిల్లలు కూడా తింటారు. రెండోది నాలుకను కాస్త పలకరిస్తుంది. మూడోదానికి ముక్కు కారుతుంది, నాలుగోదానికి చెవులు వేడెక్కుతాయి, ఐదోదానికి మాట పడిపోతుంది. ఆరోది వండేటప్పుడు వంటవాళ్లే మూతికి తడిగుడ్డ కట్టుకుంటారు.

నీళ్లు ముట్టకుండా ఆరూ వరసగా తింటే బిల్లు లేదు. గంట కొడతారు. ఫొటో తీసి ఫోన్‌కు పంపిస్తారు. ఇంకోటి పెద్దది చేయించి, పేరూ తేదీ రాసి, ఎండుమిరపకాయల దండ వేసి గోడకు తగిలిస్తారు. కోచింగ్ సెంటర్ల పిల్లలు ఆ దండ కోసం ఎగబడతారు. బతికున్నవాళ్ల ఫొటోలకు దండలేమిటని పెద్దవాళ్లు కొందరు చిరాకుపడితే యజమాని రామారావు నవ్వేశాడు.

ఆ మనిషి రెండు నెలలుగా వస్తున్నాడు. సాయంత్రం నాలుగింటికల్లా మొదటి మెట్టు ముక్క ఒక్కటి కొనుక్కుని, గోడ మీది మొట్టమొదటి ఫొటో కింద కూర్చుంటాడు. అఖిల్ అనే కుర్రాడి ఫొటో అది. గడ్డం నిండా ఎర్ర మసాలా, ఎత్తిన బొటనవేలు. ఏసీ గాలి బాగా తగిలే చోటని కూర్చుంటాడని రూబీ లెక్క.

ఎవరైనా ఐదో ముక్క దాటారంటే చాలు, ఆయన లేచేవాడు.

సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇదే, అని రూబీ పళ్లు నూరేది.

"ఏంటమ్మా రూబీ," అన్నాడు రామారావు ఒకరోజు. "రెండు నెలలైంది గోడ మీద కొత్త ఫొటో పడి. ఆయన్ని మేపడానికా నేను షాపు పెట్టింది? రేపట్నుంచి ఇక్కడ ఆయనన్నా ఉండాలి, నువ్వన్నా ఉండాలి."

ఈ ఉద్యోగం పోతే ఎల్బీ నగర్‌లో ఇంటి కిరాయి కట్టే దారి లేదు. మర్నాడు ఆయన వచ్చి కూర్చోగానే రూబీ ఎదురుగా నిలబడింది.

"కాకా, లే. ఇంక ఇక్కడికి రావొద్దు."

"నేనేం జేసిన బిడ్డా? పైసలిచ్చే తింటున్న గద."

"ఒక్క ముక్క కొని పిల్లల ముక్కలు గుంజుకుంటున్నవ్. సిగ్గనిపిస్తలేదా?"

ఆయన కౌంటర్ మీది కాయితాల కట్ట వైపు చూశాడు. ఆరు మెట్లూ తింటామన్నవాళ్ల చేత ముందే సంతకం పెట్టించుకునే కాయితాలు.

"గా సంతకం ఎందుకు బిడ్డా?"

"ఏమన్న అయితే మాకు సంబంధం లేదని."

"ఇంటికి వోయినంక ఎట్లున్నరో ఎన్నడన్న అడిగిన్రా?"

"తిన్నోళ్ల ఇండ్లకు వోయి అడుగుడేనా నా పని? లే కాకా!"

వాచ్‌మన్ రెక్క పట్టుకుని లేపాడు. చుట్టూ ఉన్నవాళ్లు ఫోన్లు తీసి వీడియోలు పట్టారు. ఆయన తలుపు దగ్గర ఒక్కసారి ఆగి గోడ వైపు చూసి వెళ్లిపోయాడు.

కుర్చీ మీద ఆయన మర్చిపోయిన గుడ్డసంచిని రూబీ కౌంటర్ కిందికి విసిరేసింది.

ఆ వారంలో మూడు ఫొటోలు గోడెక్కాయి. రామారావు అందరికీ మిఠాయి పంచాడు.

ఎనిమిదో రోజు కౌంటర్ కింద పులిసిన వాసన వేసింది. రూబీ సంచి విప్పింది. సీసాలో పాడైన పెరుగు, మాత్రల అట్ట, దవాఖాన చీటీ. సైదులు, యాభై ఆరేళ్లు, సరూర్‌నగర్. కడుపులో పుండు. కింద ఎర్రసిరాతో రెండు గీతలు గీసి రాసి ఉంది: కారం పూర్తిగా బంద్.

కడుపులో పుండు పెట్టుకుని ఆరో ముక్క ఎవరు తింటారు?

సాయంత్రం ఆ చీటీ పట్టుకుని సరూర్‌నగర్ చెరువు వెనక సందులో ఇల్లు వెతుక్కుంటూ వెళ్లింది. గడపలో సైదులు భార్య అనంతమ్మ కూర్చుని ఉంది.

"సైదులు కాకా ఉన్నడా అమ్మా? సంచి మర్చిపోయిండు."

"నాలుగు రోజులైంది బిడ్డా. నెత్తురు కక్కుకున్నడు. దవాఖానకు తీస్కపోయేలోపే పాణం వోయింది."

ఆమె ఏడవలేదు. ఏడుపంతా అంతకుముందే అయిపోయినట్టుంది.

రూబీ చీటీ చూపించింది. "డాక్టరు కారం వద్దన్నడు గదమ్మా. మరెందుకు తిన్నడు?"

"నేను గూడ మొత్తుకున్న. ఇంటేనా? నా పాణం వోతే పోనీ, ఇంకో తల్లికి కడుపుకోత వద్దు అనెటోడు."

"ఆ పిల్లలు ఆయనకు ఏమైతరమ్మా?"

అనంతమ్మ చెయ్యెత్తి లోపలి గోడ చూపించింది.

అక్కడ రెండు ఫొటోలున్నాయి. తాజా పూలదండ సైదులుది.

రెండో ఫొటోలో, వాడిపోయిన బంతిపూల వెనక, గడ్డం నిండా ఎర్ర మసాలాతో బొటనవేలెత్తి నవ్వుతున్నాడు అఖిల్. కింద మరణం అని రాసిన తేదీ, దుకాణం గోడ మీద రూబీ తన చేత్తో రాసిన తేదీకి మర్నాడు.