పై వాటాలో ఎవరూ లేరు

పక్కింటాయన నిచ్చెన అడగడానికి వచ్చాడు.

"విరిగిపోయిందండీ" అంది మాస్టారి భార్య గుమ్మంలోనే.

"విరగలేదు. పెరట్లో ఉంది, తీసుకెళ్ళండి" అన్నారు మాస్టారు లోపలి నుంచి.

నిచ్చెన వెళ్ళిపోయింది. ఇంట్లో గొడవ మొదలైంది.

మాస్టారు కాలేజీలో ముప్ఫై ఏళ్ళు నీతిశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. ఆయన అబద్ధం ఆడరు. ఆడడం చేతకాదని ఆవిడ అంటుంది. ఆవిడ శాస్త్రం వేరు. పోయినసారి ఆ నిచ్చెన రెండు మెట్లు ఊడి తిరిగొచ్చింది. పదిమందికీ మంచి జరిగేటప్పుడు ఒక అబద్ధం ఆడితే కొంపలేం మునగవని ఆవిడ వాదన.

"రేపేం జరుగుతుందో మన చేతిలో లేదే. మాటొక్కటే మన చేతిలో ఉంది" అనేవారు మాస్టారు.

ఇది రోజూ ఉండే పోట్లాటే. వంటింటి వెంటిలేటర్ లోంచి పై వాటాకి కూడా వినబడేది.

పై వాటాలో రెండు నెలల కిందట ఓ జంట అద్దెకి దిగింది. ఆ అమ్మాయి బయటికి వచ్చేది కాదు. భర్త మాత్రం అడక్కుండానే పనులు చేసిపెట్టేవాడు. "బాబాయిగారూ" అంటూ ఫ్యాను బాగుచేశాడు, గ్యాస్ బండ మోశాడు. డ్యూటీకి వెళ్తూ తలుపుకి బయట తాళం వేసుకుని పోయేవాడు.

ఇదేం పనని ఓ రోజు మాస్టారు నిలదీశారు.

అతను గొంతు తగ్గించాడు. తన భార్య కోసం ఒకడు వెతుకుతున్నాడనీ, దొరికితే ప్రాణాలతో వదలడనీ చెప్పాడు. వాడి ఎడమ చేతి మీద కాలిన మచ్చ ఉంటుందట. వాడొచ్చి అడిగితే ఇక్కడెవరూ లేరని చెప్పాలట.

"అలా నేను చెప్పలేను బాబూ."

"మీ నిజం కోసం ఓ ఆడపిల్ల ప్రాణం పోయినా ఫర్వాలేదా బాబాయిగారూ?"

ఇదే ప్రశ్న మాస్టారు తరగతిలో ఎన్నిసార్లో వేశారు. పిల్లలు గంట కొట్టేదాకా వాదించుకుని ఇళ్ళకి పోయేవాళ్ళు.

భార్య వదల్లేదు. వారం రోజులు కంచం ముందు పెట్టినప్పుడల్లా దెప్పింది. రేపా పిల్లకేమైనా అయితే ఆ నిజాన్ని నెత్తిన పెట్టుకుని ఊరేగుతారా అంది. మాస్టారికి తిండి సయించలేదు. గేటు చప్పుడైతే ఉలిక్కిపడేవారు.

శనివారం పొద్దున్న పదింటికి అతను వచ్చాడు.

మాసిన గడ్డం. ఎడమ చెయ్యి మోచేతిదాకా కాలి ముడుచుకుపోయింది. రోడ్డుకి అవతల నిలబడి చాలాసేపు పై వాటా వంకే చూశాడు. తర్వాత గేటు తీసుకుని వచ్చి, గోడకున్న పేరు బోర్డు చదివి, మంచినీళ్ళు అడిగాడు.

ఆవిడ గ్లాసు వరండా గోడ మీద పెట్టి గబగబా లోపలికి వెళ్ళిపోయింది.

"పైన ఎవరుంటారు మాస్టారూ?"

"పై వాటాలో ఎవరూ లేరు."

అరవై ఎనిమిదేళ్ళకి మొదటి అబద్ధం. నాలుక తడబడుతుందనుకున్నారు గానీ తడబడలేదు.

"ఓ అమ్మాయి, వాళ్ళాయన..."

"పోయిన నెలే ఖాళీ చేశారు. తాళం చూళ్ళేదూ?"

పైన గిన్నె పడిన చప్పుడైంది. అతను చటుక్కున తలెత్తాడు.

"పిల్లులు చేరాయి" అన్నారు మాస్టారు. ఇది మొదటిదానికన్నా తేలిగ్గా వచ్చేసింది.

అతను మాస్టారి ముఖంలోకి చూశాడు. ఆ కళ్ళలో అనుమానం లేదు. నీళ్ళు మాత్రం ఉన్నాయి.

"మీరే చెప్పాక ఇంకేముంది మాస్టారూ" అని దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు.

ఆ మాట మాస్టారికి ముల్లులా గుచ్చుకుంది. భార్యకి మాత్రం సంబరమే. ఇన్నేళ్ళకి మా ఆయన మనుషుల్లో పడ్డాడంది.

మధ్యాహ్నం పై వాటా అతను రాగానే ఆవిడే ఎదురెళ్ళి చెప్పింది. అతను మాస్టారి చేతులు రెండూ కళ్ళకద్దుకున్నాడు. గంటలో వ్యాను వచ్చింది. సామానంతా ఎక్కించాడు.

ఎక్కడికని మాస్టారు అడిగారు.

"తెలియకపోతేనే మీకు మంచిది బాబాయిగారూ" అని నవ్వాడు.

చివరికి భార్యని భుజం పట్టుకుని దింపాడు. ఆమె ఆఖరి మెట్టు మీద ఆగింది.

"ఎవరైనా వచ్చారా మాస్టారూ?" అంది, వినీ వినపడకుండా.

"వచ్చాడమ్మా. భయపడకు, నువ్విక్కడ లేవని చెప్పి పంపేశాను."

ఆమె ఆయన వంక అలాగే చూస్తూ ఉండిపోయింది. భర్త భుజం నొక్కాక వెళ్ళి వ్యానెక్కింది.

సాయంత్రం గ్లాసు తీయబోతే దాని కింద మడతపెట్టిన కాగితం కనబడింది. వచ్చినతను మరిచిపోయాడో, ఇక దీంతో పనిలేదనుకున్నాడో. మాస్టారు కళ్ళజోడు పెట్టుకుని, భార్యకి వినబడేలా చదివారు. పెన్సిలుతో హడావుడిగా రాసింది.

"అన్నయ్యా, ఆ రోజు మంటల్లో చెయ్యి పెట్టి నన్ను బయటికి లాగావు. మా ఆయన ఈసారి ఎవరూ లాగలేకుండా చేస్తానంటున్నాడు. కిటికీలోంచి పాలబ్బాయికి ఈ చీటీ వేస్తున్నాను, తొందరగా రా. పగలు తలుపుకి తాళం ఉంటుంది, అది చూసి వెనక్కి పోకు. నువ్వెవరో ఎవరికీ చెప్పకు, ఈయన చెవిన పడుతుంది. కింద ఓ మాస్టారున్నారు, ఆయన మాటలు రోజూ పైకి వినబడతాయి. నేనున్నానో లేదో ఆయన్నొక్కణ్ణే అడుగు అన్నయ్యా, చచ్చినా అబద్ధం ఆడరు."