కిందికి దిగిన నెట్

"రాలేదక్కా! పేజీ తెరుచుకోవట్లేదు. తెల్లగా అలాగే ఉంది!" కింది గదిలోంచి చిన్నకోడలు కేక పెట్టింది.

పైగదిలో బల్ల కింద దూరి ఉన్న పెద్దకోడలు తల బయటపెట్టి గడియారం చూసింది. పదీ ఇరవై. ఆన్‌లైన్ పరీక్ష రెండో విడత పదకొండింటికి.

"కంగారు పడకు. నలభై నిమిషాలుంది ఇంకా," అని కిటికీలోంచి అరిచి మళ్ళీ బల్ల కిందికి దూరింది.

ఆ ఇంట్లో నెట్ ఒక్క కంప్యూటర్‌కే వస్తుంది. పైగదిలో ఉన్న పాత లినక్స్ కంప్యూటర్‌నే నెట్ కంపెనీవాళ్ళు నమోదు చేసుకుపోయారు. వైరు ఇంకోదానికి తగిలిస్తే పలకదు. మార్చాలంటే రెండు రోజులట. ఫోన్ సిగ్నలేమో కింది గదిలోకి తొంగి కూడా చూడదు. బయట నెట్ సెంటర్‌లో రాద్దామనుకున్న చిన్నకోడలు నిన్న మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకుంది. తొడ దాకా కట్టు, కదలొద్దన్నాడు డాక్టరు. పరీక్ష రాసేవాళ్ళ మొహం కెమెరాలో కనబడాలి. కెమెరా ఉన్నది ఆమె ల్యాప్‌టాప్‌కే. ఆమెను పైకి ఎక్కించలేరు కాబట్టి నెట్‌నే కిందికి దించాలి.

ఆ పని చేస్తానని ముందుకొచ్చింది పెద్దకోడలు. ఇంట్లో అందరూ ముక్కున వేలేసుకున్నారు. ఎందుకంటే తోడికోడళ్ళిద్దరూ ఉప్పూ నిప్పూ. పెరట్లో బట్టలు ఆరేసే తాడు ఎవరిదన్న గొడవతో పది రోజులుగా మాటల్లేవు. ఇవాళ పొద్దున్నే ఎవరికీ చెప్పకుండా బయటికి వెళ్ళిన పెద్దకోడలు తొమ్మిదిన్నరకి ముప్పై మీటర్ల వైరు చుట్ట భుజానికి తగిలించుకుని వచ్చింది. పైకిటికీలోంచి ఆ తాడు మీదుగానే కింది కిటికీ దాకా లాగింది. అత్తగారు పెరట్లో నిలబడి కర్రతో వైరును తాడు మీదికి ఎత్తిపెట్టారు.

"మీ కొట్లాటకి మూలమైన తాడే ఇవాళ పనికొచ్చిందే తల్లీ!" అని నవ్వారు కూడా.

కంప్యూటర్ వెనక రెండు సాకెట్లు. ఒకదానిలో బయటినుంచి వచ్చే వైరు, రెండోదానిలో కిందికి వెళ్ళే వైరు. తలుపు పక్క నిలబడి చూస్తున్న పెద్దకొడుకు, తన భార్య పాట్లకి విసుక్కున్నాడు.

"ఎందుకే నీకీ తంటా? చేతనైనంత చేశావు. రాలేదని చెప్పెయ్. నిన్నెవరూ ఏమీ అనరు."

"చేతకాక ఊరుకుంటే వేరు. చేతనయ్యీ ఊరుకుంటే రేపు పొద్దున అద్దంలో నా మొహం నేనెలా చూసుకుంటాను?"

"ఆ అమ్మాయి నిన్ను అన్న మాటలు మర్చిపోయావా?"

"ఒక్కటీ మర్చిపోలేదు. ఆ స్క్రూడ్రైవర్ ఇలా ఇవ్వండి."

ఆయన ఇచ్చాడు. ఆమె పట్టుదల ఆయనకి తెలుసు. కాలేజీ కంప్యూటర్ ల్యాబ్‌లో పదకొండేళ్ళు పనిచేసింది. ల్యాబ్ మూసేశాక రెండేళ్ళుగా ఇంట్లోనే ఉంది. ఖాళీగా కూర్చోవడం ఆమెకు చచ్చేంత కష్టం. ఆ సంగతి నోరు తెరిచి ఎవరితోనూ అనదు.

"ల్యాప్‌టాప్‌లో నెట్ అడ్రసు అంకెలేవైనా వచ్చాయా చూడు!" కిటికీలోంచి అడిగింది.

"వచ్చాయక్కా! నూట తొంభై రెండు, తర్వాత చుక్క..."

"చాలు. అంటే నీ దగ్గర్నుంచి నా దాకా దారి బాగానే ఉంది. నా దగ్గరే ఎక్కడో ఆగిపోతోంది."

పదీ నలభై. అత్తగారు ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చారు.

"అది ఏడుస్తోందే. లైబ్రరీలో ఉన్నది ఒక్క పోస్టట, రాసేవాళ్ళు నూట పాతికమందట. ఇది తప్పితే మళ్ళీ ఎప్పుడో. నీకు పుణ్యముంటుంది, ఏదో ఒకటి చెయ్యమ్మా."

పెద్దకోడలు నల్లటి తెర మీద ఒక్కొక్క వరుసే చదువుతోంది. అప్పుడు దొరికింది. ఒకవైపు నుంచి వచ్చినదాన్ని రెండోవైపుకి పోనివ్వాలా వద్దా అని కంప్యూటర్‌కి చెప్పే ఫైలు. అందులో ఒకే ఒక్క అంకె ఉంది, సున్నా. ఇందాక తనే దాన్ని ఒకటి చేసింది. కంప్యూటర్ ఆపి మళ్ళీ వేసేసరికి అది తిరిగి సున్నా అయి కూర్చుంది. శాశ్వతంగా రాసిపెట్టుకోండని ల్యాబ్‌లో పిల్లలకి వందసార్లు చెప్పిన మనిషి, తనే మర్చిపోయింది.

ఆమె చెయ్యి కీబోర్డు మీద ఆగింది. అత్తగారు చూస్తున్నారు. భర్త గడియారం చూస్తున్నాడు.

"ఏమైందమ్మా, రాదా?"

"వస్తుందత్తయ్యా," అంది పెద్దకోడలు గట్టిగా ఊపిరి పీల్చి, ఒకటి నొక్కి.

కింద కెవ్వుమని కేక. "వచ్చిందక్కా! వచ్చేసింది!"

పరీక్ష అయ్యేదాకా పెద్దకోడలు ఆ గది గుమ్మం దాటలేదు. వైరు మీద ఎవరి చెయ్యీ పడకుండా కాపలా కాసింది. నడిమధ్యలో ఫ్యాన్ చప్పుడు మారితే కంప్యూటర్‌కి విసనకర్రతో విసిరింది. "నాకెప్పుడైనా ఇలా విసిరావా?" అని మొగుడు దెప్పితే, "మీరెప్పుడైనా ఇంత పని చేశారా?" అంది.

పన్నెండున్నరకి కిందికి వెళ్ళింది. చిన్నకోడలు మంచం మీద నుంచే ఆమె రెండు చేతులూ పట్టుకుంది.

"అన్నీ రాశానక్కా. తాడు గొడవలో నోటికొచ్చినట్టు అన్నాను. సిగ్గుగా ఉంది."

"తాడు నువ్వే వాడుకో. నాకు మేడ మీద ఎండ చాలు."

"ఉన్నది ఒక్క పోస్టే కదా. నాకే రావాలని కోరుకుంటావా?"

పెద్దకోడలు కాస్త ఆలోచించింది. ఆమెకు అబద్ధం చెప్పడం రాదు.

"బాగా రాసినవాళ్ళకి రావాలని కోరుకుంటాను," అంది, కట్టు కింద దిండు సర్దుతూ.

పొద్దున ఏడింటి మొదటి విడతలో, నెట్ సెంటర్‌లో, తనూ ఆ ఉద్యోగానికే పరీక్ష రాసి వచ్చింది.