తెర మీది చెరువుగట్టు

"మీరు అమ్మిన స్థలం చూపించండి," అన్నాడు పన్నుల ఆఫీసరు.

టైలరమ్మ మెడలో టేపు తీసి పక్కన పెట్టింది. టాబ్లెట్‌ని చీర చెంగుతో తుడిచి ఆయన చేతికిచ్చింది. స్థలం అందులోనే ఉంది మరి. చెరువుగట్టు, రెండు గదుల ఇల్లు, కిటికీలకి నీలం కర్టెన్లు. గిరాకీ లేని మధ్యాహ్నాల్లో ఆ ఆన్‌లైన్ లోకంలోకి వెళ్ళి నాలుగేళ్ళు కష్టపడి కట్టుకున్నది. పోయిన నెల అమ్మేసింది. ఆ డబ్బుతో, బట్టల అంచులు పీచు లేవకుండా కుట్టే ఓవర్‌లాక్ మెషీనుకి అడ్వాన్సిచ్చి, కిటికీ పక్కన దానికి జాగా కూడా ఊడ్చి పెట్టుకుంది.

అంతలో నోటీసు ఊడిపడింది. అమ్మకపు పన్ను కట్టలేదట.

"నేలకి అమ్మకపు పన్నేమిటండీ?" అంది టీ అందిస్తూ. "మా చెల్లెలు మొన్న నిజం స్థలమే అమ్మింది. ఈ పన్ను దాన్నెవరూ అడగలేదు."

"అది నేలమ్మా. ఇది నేల కాదు. కంప్యూటర్లో ఒక బొమ్మని వాడుకునే హక్కు. అందుకని సరుకు కిందే లెక్క."

"నేల కాదన్నమాట."

"కాదు."

"మరి చెరువు కనపడుతుందని కొన్నాయన రెట్టింపు ఇచ్చాడే?"

ఆఫీసరు కళ్ళజోడు సర్దుకున్నాడు. "అది... కొన్నవాళ్ళ ఇష్టం."

సోఫాలో పేపరు వెనకనుంచి ఆవిడ భర్త తల బయటపెట్టాడు. రిటైరైన బస్సు డ్రైవరు. "ఇష్టం కాదు సార్, పిచ్చి. కాలు పెట్టడానికి లేని స్థలం కొనేవాడికి బుర్రలో ఏముంటుందంటారు?"

ఆఫీసరుకి టీ పొలమారింది.

తేరుకుని కాగితాలు తీశాడు. "సాయంత్రం ఎండ ఏ గదిలో పడుతుందమ్మా?"

"అది కూడా పన్నుకి కావాలా?"

"విలువ కట్టాలి కదా."

"పడకగదిలో."

రాసుకున్నాడు. "ఇరుగుపొరుగు ఎలాంటివాళ్ళు?"

"ఇటుపక్క తోకున్న టీచరు. మంచావిడే. అటుపక్క గుడ్లగూబ. ఆదివారం వచ్చిందంటే డప్పు వాయిస్తాడు."

"ప్రతి ఆదివారమా?" అని దిగులుగా అడిగి, అదీ రాసుకున్నాడు. "ఈ కర్టెన్లు ఇంటితో పాటేనా?"

"తీసేద్దామనుకుంటున్నానండీ. ఇంటి తాళం ఇంకా నా దగ్గరే ఉందిగా. ఆ నీలం నేను సొంతంగా కలిపింది. వదులుకోబుద్ధి కావట్లేదు."

"తీసేస్తారా!" ఆయన గొంతు లేచింది. వెంటనే తగ్గింది. "అంటే... తీస్తే విలువ పడిపోతుంది."

"పడిపోతే పన్ను కూడా తగ్గుతుందిగా?"

"తగ్గకపోతే మానె. ఉంచండమ్మా."

పన్ను తగ్గకపోతే మానె అన్న పన్నుల ఆఫీసరుని టైలరమ్మ ఎగాదిగా చూసింది. భర్త ఏకంగా పేపరు మడిచేశాడు.

"ఇంత శ్రద్ధగా పనిచేసే ఆఫీసరుని నా జన్మలో చూళ్ళేదు సార్."

"ఈ ఫైలు మా ఆఫీసులో ఎవరూ ముట్టుకోలేదండీ. నేనే అడిగి తీసుకున్నాను," అన్నాడాయన తల వంచుకుని. "సరే, అసలు సంగతికొద్దాం. పన్ను భారం కొన్నవాళ్ళది. వసూలు చేసి కట్టడం మాత్రం అమ్మినవాళ్ళ పని. కొన్నవాళ్ళ ఇల్లు ఏ ఊళ్ళో ఉంటే ఆ ఊరి రేటు పడుతుంది. అందుకని అడ్రసు కావాలి."

"అడ్రసు దొరక్కపోతే?"

"మీరే కట్టాలమ్మా."

టైలరమ్మ కిటికీ పక్కన ఊడ్చిన జాగా వైపు చూసింది. ఆ పన్ను తనే కడితే మెషీను రాదు. అడ్వాన్సు కూడా తిరిగి రాదు.

"కొన్నాయన పేరు చెప్పండి," అన్నాడు ఆఫీసరు, గోడకేసి చూస్తూ.

"ఒంటికాలి కొంగ."

"అసలు పేరు?"

"అక్కడ అసలు పేర్లెవరు చెబుతారండీ! నేను నీలి సూదిని. మూడు వారాలు బేరమాడాడా కొంగ. మెట్లు నున్నగా ఉన్నాయా అంటాడు, కప్పలు అరుస్తాయా అంటాడు..."

"మూడు వారాలూ ఇంట్లో ఒకటే బుడుంగ్ బుడుంగ్," అందుకున్నాడు భర్త. "ఆ లోకంలోంచి ఎవరికి మెసేజి వస్తే వాళ్ళ ఫోన్లోనో టాబ్లెట్లోనో చెరువులో రాయి పడ్డట్టు చప్పుడవుతుంది సార్. కుళాయి కారుతోందేమోనని రెండుసార్లు లేచి చూశాను."

"నోటీసొచ్చిన రోజే అడ్రసడిగాను," అంది టైలరమ్మ. "అంతే, కొంగ నోరు పడిపోయింది. నిలువునా ముంచి పారిపోయాడు."

"పారిపోలేదేమో," అన్నాడు ఆఫీసరు నెమ్మదిగా. "ఏదో మొహమాటం అయ్యుంటుంది."

"మూడు వారాలు కప్పల గురించి అడిగినవాడికి మొహమాటమా? ఉండండి, మీ ఎదురుగానే ఇంకోసారి రాస్తాను. మీరే సాక్షి."

"వద్దమ్మా!" ఆఫీసరు కాగితాలు గబగబా సంచిలో కుక్కుతూ లేచాడు. "ఆఫీసుకెళ్ళి నేనే కనుక్కుంటాను. రేపటికల్లా అడ్రసు ఫైల్లో ఉంటుంది. పూచీ నాది."

"కూర్చోండి సార్," అని భర్త ఆయన భుజం పట్టి కుర్చీలో కుదేశాడు. "ఆ పిచ్చోడి అడ్రసు మీరెక్కడని వెతుకుతారు?"

టైలరమ్మ అప్పటికే టైపు చేసేస్తోంది. సూది గుచ్చినంత సూటిగా: "కొంగగారూ, మీ ఇంటి అడ్రసు ఈ నిమిషమే పంపండి. లేదంటే కర్టెన్లు ఇవాళే పీకేస్తాను."

ఒకసారి చదువుకుని, వేలితో నొక్కింది.

ఆఫీసరుగారి చొక్కా జేబులో బుడుంగ్‌మంది.