గౌరునాయుడికి మెప్పుదల

ఇప్పుడు విశాఖ యుద్ధనౌకల యార్డులో సివిలియన్ ఉద్యోగుల బహుమతులు నిర్ణయించేది యంత్రమే. జేబుకు తగిలించిన బిళ్లలోంచి ఏడాదంతా మాటలు విని, ఎవరి మనసులో ఉన్నది వాళ్లకిస్తుంది. వెల్డర్ గౌరునాయుడికి గుండె దడదడలాడింది. ఏడాది పొడుగునా ఆఫీసర్లను తిట్టిపోశాడు మరి!

బహుమతుల రోజున అతన్ని వేదిక మీదికి పిలిచారు. "ఇరవయ్యేళ్ల మంచి పనికి మెచ్చి, మీ భార్యకు గంటసేపు లోపలికి పాసు!"

బయటివాళ్లను గేటు దాటనివ్వని చోటది. తన పని పైడమ్మకు ఒక్కసారి చూపించాలని అతను ఎన్నిసార్లు గొణుక్కున్నాడో!

మర్నాడు పైడమ్మ జలాంతర్గామి పక్కన నిలబడి, భర్త వేసిన అతుకును వేలితో మెల్లగా తడిమింది.

"ఏటండీ, ఇది మీరే అతికారా?"

"ఊఁ," అన్నాడు.

"మరి మనింట్లో కారే కుళాయి సంగతేటి?"